వ్యాను తగ్గించిన కిలోమీటర్లు

మా ఊరు మార్కాపురానికి దగ్గర. పలకల ఫ్యాక్టరీలున్న చోట దుమ్ము ఎలాగుంటుందో ఆ వైపు వచ్చిన చదువరులకు తెలిసే ఉంటుంది. ఉదయం తుడిచిన అరుగు మీద సాయంత్రం వేలితో పేరు రాయవచ్చు.

మాకు 2017లో తయారైన డీజిల్ వ్యాను ఒకటుంది. పాతదిగా కొన్నాము. పొద్దున బడిపిల్లలు, మిగిలిన వేళ పెళ్లిళ్లకో ఆసుపత్రికో బాడుగలు. మా ఇద్దరిలో ఎవరికీ బండి నడపడం రాదు గనుక మా మేనల్లుణ్ణే డ్రైవరుగా పెట్టుకున్నాము. తండ్రి లేని పిల్లవాడు, మా చేతుల్లో పెరిగినవాడు. పోయించిన డీజిలూ, తిరిగిన కిలోమీటర్లూ ఒక నోటుపుస్తకంలో రాసే అలవాటు మాది. అదే మమ్మల్ని పాడుచేసింది.

లీటరుకు 12 వచ్చే బండి 11కు, తరువాత 9కి దిగింది. "బండి లాగడం లేదు మావయ్యా, అన్నీ మూడో గేరులోనే పోవాల్సి వస్తోంది" అని అబ్బాయి రెండుసార్లు చెప్పాడు. మేము వినలేదు. ఒక మెకానిక్కు చూపిస్తే టర్బో పోయిందన్నాడు, 30 వేలు అవుతుందన్నాడు. మా దగ్గర అంత లేదు. లేనప్పుడు మనిషికి తోచే ఆలోచనలు మంచివి కావు. ఒకనాటి రాత్రి భోజనాల దగ్గర పుస్తకం వాడి ముందు పెట్టి, "ఈ డీజిలంతా ఎక్కడికి పోతోందిరా?" అని అడిగాము. అడిగింది ఒకరే అయినా ఇద్దరి మాటా అదే. వాడు కంచంలో చెయ్యి కడుక్కుని, తాళంచెవి కిటికీలో పెట్టి, వాళ్ల అమ్మ దగ్గరకు వెళ్లిపోయాడు.

బాడుగ డ్రైవరు చేతిలో కూడా 9 దాటలేదు. గిద్దలూరు నుండి నంద్యాలకు నల్లమల ఘాటు ఎక్కేటప్పుడు పెళ్లివారు సగం మంది దిగి నడిచారు. ఆ డ్రైవరే మమ్మల్ని మార్కాపురంలో ఒక కుర్ర మెకానిక్కు దగ్గరకు తీసుకుపోయాడు.

అతడు పరికరం తగిలించి చూస్తే పి0101 అని వచ్చింది. ఇంజనులోకి పోయే గాలిని కొలిచే సెన్సారు లెక్క సరిగా లేదని దాని అర్థమట. ఇంజను ఆపి, ఆ సెన్సారు ప్లగ్గు ఊడదీసి, మళ్లీ స్టార్టు చేసి నడిపాడు. బండి మునుపటి కంటే బాగా లాగింది! తప్పుడు లెక్క చెప్పేవాడు నోరు మూసుకుంటే కంప్యూటరు తన అంచనాతో నడిపిస్తుందని నవ్వాడు.

మాకు అర్థమైనంతవరకు సంగతి ఇది. సెన్సారులో చిన్న రేకు లాంటిది వేడిగా ఉంటుంది. అట్లపెనం మీద విసనకర్రతో విసిరితే పెనం చల్లబడుతుంది, అంతే వేడి నిలపాలంటే మంట పెంచాలి కదా. అలాగే ఆ రేకును వేడిగా నిలపడానికి ఎంత కరెంటు పట్టిందో చూసి ఎంత గాలి వచ్చిందో కంప్యూటరు లెక్కకడుతుంది. రేకు మీద దుమ్ము పేరుకుంటే గాలి సరిగా తగలదు, తక్కువ గాలి వచ్చిందని చెబుతుంది. అప్పుడు పొగ రాకుండా డీజిలు తక్కువ చిమ్ముతారు. బండికి బలం పోతుంది. బలం లేని బండిని చిన్న గేర్లలో ఈడిస్తే ఖర్చు పెరుగుతుంది. అబ్బాయి చెప్పిన మాట అదే.

తాళం తీసేసి రెండు చిన్న స్క్రూలు విప్పి సెన్సారు బయటికి తీశాడు. దానికని అమ్మే స్ప్రే మాత్రమే కొట్టాడు. కార్బురేటరు స్ప్రే, పెట్రోలు, గుడ్డ, దూది, గాలి పైపు ఏదీ తగలకూడదట. వేలు కూడా. కొన్ని కంపెనీలు అసలు కడగవద్దు, మార్చమనే చెబుతాయని కూడా అన్నాడు. పూర్తిగా ఆరేదాకా అరగంటకు పైగా కూర్చున్నాము. ఆ వేళలో అతడు ఎయిర్ ఫిల్టరు తీసి ఎండకు ఎత్తి చూశాడు. కాగితం మడతలో బెత్తెడు చీలిక. గొట్టం లోపల వేలు పెడితే పలక పొడి.

"దీనికి గాలి కొట్టించింది ఎవరన్నా?"

మేమే. కొత్తది 600 రూపాయలని, టైరు షాపులో గట్టిగా గాలి కొట్టించి మళ్లీ పెట్టించాము. అబ్బాయి వద్దన్నాడు కూడా. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

కొత్త ఫిల్టరు వేయించాము. బండి 12కు వచ్చింది. ఆ రోజే వాడి దగ్గరకు వెళ్లి ఉండవలసింది. "పూర్తిగా బాగయ్యాక వెళదాం" అని చెప్పుకున్నాము. మూడు వారాలకు బండి మళ్లీ నీరసించింది. రేకు అప్పటికే దెబ్బతిన్నది, కడిగినా నిలవలేదు. సంతోషించామని చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని, నిజమే, వెళ్లకుండా ఉండడానికి మరో నెపం దొరికింది. 900 రూపాయల నకిలీ సెన్సారు ఒకటి వేయించి, అది వారం కూడా సరిగా చెప్పక, చివరికి పాతదాని మీది నంబరు చూసి అదే నంబరుది 4,200 పెట్టి తెప్పించాము. దుమ్ము ఊళ్లలో ఫిల్టరు పుస్తకంలో రాసిన గడువు కంటే ముందే మార్చుకోవాలి. దానికంటే చవకైన పని లేదు.

ఇక నెపాలు అయిపోయాయి. ఆదివారం సాయంత్రం బస్సులో వెళ్లాము. వాళ్లమ్మ మంచినీళ్లిచ్చి లోపలికి వెళ్లిపోయింది. అబ్బాయి గుమ్మంలోనే నిలబడ్డాడు. నోటుపుస్తకం, చీలిన ఫిల్టరు వాడి చేతిలో పెట్టి, "తప్పు మాదిరా, నువ్వు చెప్పినా వినలేదు" అన్నాము. వాడు చాలాసేపు ఏమీ అనలేదు. ఫిల్టరును వెలుతురుకు ఎత్తి, మెకానిక్కు చూసినట్టే చూశాడు.

"కొత్త సెన్సారు మీద బాణం గుర్తు ఉంటుంది మావయ్యా. గాలి పోయే వైపుకే పెట్టాడా?"

మేము చూడలేదని చెప్పాము.

"రేపు వచ్చి చూస్తాలే" అన్నాడు.