అమ్మ ఫస్ట్ జాబ్

అమ్మ రెజ్యూమె నేనే టైప్ చేశాను. అంతా అయ్యాక, ‘పుట్టిన తేదీ తీసేద్దామా అమ్మా?’ అన్నాను. ‘ఎందుకురా, పుట్టి తప్పు చేశానా? ఉంచు’ అంది.

అప్పటికి అమ్మకి 46 ఏళ్లు. బీకాం పాసై రెండు నెలలు. ఎక్స్‌పీరియన్స్ అన్న చోట ఏం రాయాలో నాకు తోచలేదు.

అమ్మది ఖమ్మం దగ్గర పల్లెటూరు. ఇంటర్‌లో సీఈసీ, ఫస్ట్ క్లాస్. రిజల్ట్స్ వచ్చిన వేసవిలోనే పెళ్లి చేసేశారు. తర్వాత నేను, చెల్లి, నాన్న డ్యూటీలు. నాకు క్యాంపస్ ప్లేస్‌మెంట్ వచ్చిన ఏడాది, అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో చేరతానంది. నేనేమన్నానో తెలుసా? ‘నేను డబ్బులు పంపిస్తున్నాగా, ఈ వయసులో నీకెందుకమ్మా?’ అమ్మ ఏమీ అనలేదు. చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంది. మర్నాడు తనే వెళ్లి ఫీజు కట్టొచ్చింది.

ఆదివారాలు స్టడీ సెంటర్‌లో క్లాసులు. మిగతా రోజుల్లో వంటింటి గట్టు మీదే పుస్తకం. పర్సనల్, రియల్, నామినల్ అకౌంట్ల రూల్స్ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించుకుంది. ‘వచ్చేది డెబిట్, పోయేది క్రెడిట్’ అని పాలవాడికి డబ్బులిస్తూ గొణుక్కునేది. స్టాటిస్టిక్స్ ఒకసారి పోయింది. మళ్లీ రాసింది. డిగ్రీ చేస్తూనే మూడు నెలలు ట్యాలీ నేర్చుకుంది.

ఇంటర్వ్యూలే అసలు కష్టం. ఒకచోట ‘ఇన్నేళ్ల గ్యాప్ ఏంటండీ?’ అన్నారు. ఇంకోచోట ‘మా సీనియర్‌కే పాతికేళ్లు. మీకు పని చెప్పాలంటే మొహమాటపడతాడు’ అన్నారు. ఆ రోజు ఫోన్‌లో అమ్మ గొంతు మామూలుగా లేదు. ‘పోనీలే, వదిలెయ్’ అందామనుకున్నాను. ఒకసారి అన్నది చాలని ఊరుకున్నాను.

మూడోది ఓ చిన్న ఆడిటర్ ఆఫీసు. ఆయన వయసు అడగలేదు, బిల్లుల కట్ట చేతికిచ్చి ఎంట్రీ చెయ్యమన్నారు. పర్చేజ్‌కి ఎఫ్9, సేల్స్‌కి ఎఫ్8, పేమెంట్‌కి ఎఫ్5. అమ్మ నెమ్మదిగానే కొట్టింది కానీ తప్పు పోలేదు. జీతం నెలకు 11,000. నేను ఫ్రెండ్స్‌తో ఒక్క ట్రిప్‌కి పెట్టే ఖర్చు అది. అమ్మ మాత్రం ఆఫర్ లెటర్‌ని దేవుడి గదిలో పెట్టింది.

మొదటి వారం ఆఫీసు కుర్రాళ్లు ‘ఆంటీ’ అన్నారట. ‘ఇంటికొస్తే ఆంటీ అను, టీ ఇస్తా. ఇక్కడ మేడమ్ అను’ అందట.

ఈ మార్చి నెలాఖరున రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసింది. ఇంకా ఆఫీసులోనే ఉంది. ఓ షాపువాళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్‌కీ, పుస్తకాలకీ 3,600 తేడా వస్తోందట. ‘ఫైల్ పంపు, స్క్రిప్ట్ రాసి పట్టేస్తా’ అన్నాను గొప్పగా. ‘క్లయింట్ లెక్కలు బయటికి పంపకూడదురా’ అని పెట్టేసింది. అరగంటలో మళ్లీ ఫోన్. దొరికిందట. ‘తేడాని తొమ్మిదితో భాగిస్తే శేషం రాలేదు. అలా వస్తే అంకెలు అటూ ఇటూ అయ్యుండొచ్చు. వెతికితే 15,920 చెక్కుని 19,520 అని కొట్టారు’ అంది.

కోడ్‌లో బగ్ దొరికినప్పుడు నాకుండే సంతోషమే ఆ గొంతులో వినిపించింది. ఇన్నేళ్లలో అమ్మ గొంతులో అది వినడం అదే మొదటిసారి. డబ్బులు పంపిస్తున్నాగా అన్నానే, ఇది నేను పంపగలిగేది కాదు.

అప్పుడు సారీ చెప్పాను, ఆ పాత మాటకి. ‘అదా! ఎప్పుడో మొండి బాకీ కింద కొట్టేశాలే’ అని నవ్వింది.

మీ ఇంట్లోనూ అమ్మో, అక్కో, పిన్నో మళ్లీ చదువుతానంటే ‘ఎందుకు’ అని అడక్కండి. ఫీజుకి లాస్ట్ డేట్ ఎప్పుడో అడగండి.