రుసుము లేదు సరే, సొమ్మేదీ?

అమెరికా ప్రతినిధుల సభలో 2023 నవంబరులో ఒక చిన్న బిల్లు ప్రవేశించింది. దాని పేరు 'నో ఫీజ్ ఫర్ ఈఎఫ్‌టీస్ యాక్ట్'. ప్రతిపాదించిన గ్రెగ్ మర్ఫీ రిపబ్లికన్ సభ్యుడు, వృత్తిరీత్యా మూత్రవ్యాధుల శస్త్రవైద్యుడు. వైద్యుడికి రావలసిన సొమ్మును ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఖాతాకు పంపినందుకు ఆ వైద్యుడి దగ్గరే రుసుము వసూలు చేయరాదన్నది బిల్లు సారాంశం. అక్కడ చెల్లింపుల మధ్యవర్తి సంస్థలు ఒకటిన్నర నుంచి ఐదు శాతం దాకా ఇలా కోసుకుంటున్నాయి. కూలివాడికి కూలి లెక్కపెట్టి ఇచ్చినందుకు లెక్కింపు కూలి పట్టుకోవడమన్న మాట! ఇటువంటి వసూళ్లు కూడదని 2017లో ఫెడరల్ అధికారులు తమ వెబ్‌సైట్‌లో రాసిన మాట, కంపెనీల ఒత్తిడి తర్వాత మాయమైందని ప్రోపబ్లికా బయటపెట్టింది. మర్ఫీ బిల్లు ఆ సభ కాలం ముగిసేలోగా చట్టం కాలేదు.

ఈ ఒక్క విషయంలో భారతదేశం అమెరికాకు పాఠం చెప్పగలదు. నెఫ్ట్ ద్వారా జమ అయిన సొమ్ము మీద గ్రహీత పైసా చెల్లించనక్కరలేదు. 2019లో ఆర్థిక చట్టం ద్వారా చెల్లింపుల వ్యవస్థల చట్టంలో 10ఏ సెక్షన్ చేర్చి, రూపే డెబిట్ కార్డు, యూపీఐ లావాదేవీలపై బ్యాంకులు రుసుము వేయకుండా కట్టడి చేశారు. కేంద్ర మంత్రులు ఈ సంగతి వేదికలెక్కి చెప్పుకోవడం న్యాయమే. బస్తర్ నుంచి చూస్తే మాత్రం లెక్క వేరు.

సుక్మా జిల్లా కొసన శబరి ఒడ్డున ఉన్న కోంటాలో తెలుగు కొత్త భాష కాదు. అక్కడివారికి జబ్బు ముదిరితే జగదల్‌పూర్ వైద్య కళాశాల కంటే భద్రాచలమే దగ్గర. 30వ జాతీయ రహదారి మీద కోంటా దాటగానే ఆంధ్రప్రదేశ్, చింతూరు దాటి ముందుకు పోతే తెలంగాణ. ఒకే దారిలో మూడు రాష్ట్రాలు, మూడు ఆరోగ్య పథకాలు. ఆయుష్మాన్ భారత్ కార్డు దేశమంతటా చెల్లుతుందని 2018 సెప్టెంబరులో ప్రధాని హామీ ఇచ్చారు; తెలంగాణ 2021లో ఆ పథకంలో చేరింది. 'నియద్ నెల్లనార్' పేరిట ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం భద్రతా శిబిరాల చుట్టుపక్కల గ్రామాలకు ఈ కార్డులు చేరుస్తోంది. ఆ గోండీ మాటకు మీ మంచి ఊరు అని అర్థం. 2026 మార్చి 31 నాటికి మావోయిజాన్ని అంతం చేస్తామన్న అమిత్ షా గడువుకు ఈ సంక్షేమమే రెండో చెయ్యి.

కార్డు చేతిలో పడ్డాక ఆసుపత్రికి డబ్బెప్పుడు వస్తుందన్నది అసలు ప్రశ్న. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం క్లెయిమును 15 రోజుల్లో, వేరే రాష్ట్రపు రోగిదైతే 30 రోజుల్లో పరిష్కరించాలి. బీమా కంపెనీ జాప్యం చేస్తే వారానికి ఒక శాతం చొప్పున వడ్డీ కట్టాలి. అయితే 2020 జనవరిలో ఖూబ్‌చంద్ బఘేల్ పథకం తెచ్చినప్పుడు ఛత్తీస్‌గఢ్ బీమా కంపెనీని తప్పించి ట్రస్టు పద్ధతికి మారింది. కంపెనీ లాభం మిగులుతుంది గనుక అది మంచి నిర్ణయమే. కాకపోతే నాటి నుంచి బాకీదారూ ప్రభుత్వమే, జరిమానా విధించవలసినదీ ప్రభుత్వమే. తన మీద తానే వడ్డీ వేసుకునే ఖజానా ఎక్కడుంది?

తెలుగు రాష్ట్రాలు ఈ విషయంలో నీతులు చెప్పే స్థితిలో లేవు. బకాయిల కోసం 2025 సెప్టెంబరులో తెలంగాణలో, అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేశాయి. హైదరాబాద్, విజయవాడల్లో ఆసుపత్రి తలుపు మూస్తే మంత్రి చర్చలకు పిలుస్తాడు. ఛత్తీస్‌గఢ్‌లో పెద్ద ప్రైవేటు ఆసుపత్రులన్నీ రాయ్‌పూర్, బిలాస్‌పూర్, దుర్గ్ వైపే. బస్తర్‌లో ఉన్నవి ప్రధానంగా ప్రభుత్వ ఆసుపత్రులు. వాటికి కూడా క్లెయిము సొమ్మే ఆధారం. ఆసుపత్రి స్థాయిలో ఉండే జీవన్‌దీప్ సమితి ఖాతాలో డబ్బుంటేనే అత్యవసరంగా మందు కొనడం సాధ్యం. సమ్మె చేయలేని ఆసుపత్రికి బాకీ పడితే అది వార్త కూడా కాదు.

తనిఖీల వల్లే ఆలస్యమని అధికారులు అంటారు. ఆ వాదనను కొట్టిపారేయలేం. 9999999999 అన్న ఒక్క ఫోను నంబరు కింద దాదాపు ఏడున్నర లక్షల మంది లబ్ధిదారులు నమోదయ్యారని 2023లో కాగ్ తేల్చింది. దొంగ బిల్లును పట్టుకోవలసిందే. తనిఖీ పూర్తయి ఆమోదం పొందిన బిల్లు కూడా నిధుల్లేక పడి ఉంటే మాత్రం దానికి మోసగాళ్ల పేరు చెప్పడం కుదరదు.

సకాలంలో చెల్లింపు గురించి చట్టం రాయడం ఈ దేశానికి చేతకానిదేమీ కాదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం చిన్న సరఫరాదారుకు గరిష్ఠంగా 45 రోజుల్లో సొమ్ము చెల్లించాలి. తప్పితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ కట్టాలి. ఆయుష్మాన్ గడువులేమో కేవలం మార్గదర్శకాలు. ఆరోగ్యం రాష్ట్ర జాబితాలోని అంశం గనుక ట్రస్టు నడిపే ప్రతి రాష్ట్రమూ తన శాసనసభలోనే గడువునూ వడ్డీనీ చట్టంగా చేయవచ్చు. రాయ్‌పూర్ ఆ పని మొదలుపెడితే హైదరాబాద్, అమరావతి తప్పించుకోవడం కష్టం. పొరుగు రాష్ట్రపు రోగుల బిల్లులకు మాత్రం కేంద్రం పూనుకోవాలి. కోంటా రోగికి భద్రాచలంలో చేసిన వైద్యానికి సొమ్ము రాయ్‌పూర్ నుంచి రావాలి గదా.