మూడవ గండి



శోధన యనగానే మద్యము, జూదము, దొంగతనము మొదలగు ఘోరకృత్యములే మనకు స్ఫురించును. మీ వయస్సున మేమును అట్లే తలచి, అవి మాకు దూరముగా నున్నవి గాన క్షేమముగా నున్నామని సంతోషించితిమి. నలువది యేండ్లు దాటిన పిమ్మట, మా శోధన మా నాలుక చివరనే కాపురమున్నదని తెలిసికొంటిమి. చెప్పుకొనుటకు సిగ్గుగానే యున్నది; అయినను దాచినయెడల మీకు ప్రయోజనము లేదు.

బాలుని తప్పును దిద్దవలెనే గాని బాలుని నవ్వులపాలు చేయరాదని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మా గురువులు నేర్పిరి. ఆ మాటను పరీక్షలో చక్కగా వ్రాసి మార్కులు తెచ్చుకొంటిమి. తరగతిలో మాత్రము మఱచితిమి. ఒక యెత్తిపొడుపు మాట విసరినప్పుడు నలువదిమంది పిల్లలు ఒక్కసారిగా నవ్వుదురే, ఆ నవ్వు మాకు తీపిగా నుండెను. తరగతి మా గుప్పిటిలో నున్నదని గర్వించితిమి. ఎర యదియే.

మొదటిసారి, పాఠము చదువుచు తడబడిన యొక బాలుని అనుకరించితిమి. అతడు ఆ సంవత్సరమంతయు మఱల చేయి యెత్తలేదు. రెండవసారి, ఆలస్యముగా వచ్చిన యొక బాలికను "దొరసానిగారు" అని పిలిచితిమి. తల్లి జ్వరముతో నుండగా ఆమె వంట చేసి వచ్చెనని తరువాత వింటిమి. రెండు పర్యాయములును రాత్రి మోకాళ్లూని కన్నీటితో ప్రార్థించి, క్షమింపబడితిమని నమ్మి సుఖముగా నిద్రించితిమి. ఆ పిల్లలతో మాత్రము ఒక్క మాటయైనను చెప్పలేదు.

2024వ సంవత్సరము సెప్టెంబరు మాసారంభమున బుడమేరు పొంగి విజయవాడలో సింగునగరు మొదలగు పేటలను ముంచుట మీలో కొందఱు కన్నులార చూచిరి. మైలవరము కొండల దిక్కున పుట్టి కొల్లేటిలో కలియు ఆ యేరు 2005లోను నగరమును ముంచినదే. అయినను వేసవిలో సన్నని కాలువవలె కనబడుటచేత దాని బలమును జనులు మఱచిరి. 2024లో మళ్లింపు కాలువ కట్టకు మూడు గండ్లు పడెను. రెండు పూడ్చినను, మూడవది పూడువఱకు నీరు వచ్చుట మానలేదు. సైనికులు సైతము వచ్చి చేయి కలుపగా సెప్టెంబరు 7వ తేదీకి అదియు పూడెను.

ఆ దసరా సెలవుల తరువాత ఒక బాలుడు నోటుపుస్తకము లేక వచ్చెను. అతని యిల్లు ఏ పేటలో నున్నదో మేము విచారింపనే లేదు. "ఏమయ్యా, నీ పుస్తకము ఏటిలో కొట్టుకొని పోయినదా?" అంటిమి. తరగతి నవ్వెను. బాలుడు లేచి మెల్లగా, "అవునండీ. మంచం మీద పెట్టామండీ. మంచం కూడా మునిగిపోయిందండీ" అనెను. నవ్వు ఆగిపోయెను.

ఆ రాత్రి ప్రార్థింప మోకాళ్లూనగా మాట రాలేదు. పేతురు జ్ఞాపకమునకు వచ్చెను. మెలకువగా నుండుమని ప్రభువు హెచ్చరించినను నిద్రించినవాడు. పలువురు చలి కాచుకొను బొగ్గుల మంటయొద్ద ముమ్మారు బొంకినవాడు. వెలుపలికి పోయి ఏడ్చెను గాని కథ అంతటితో ముగియలేదు. తిరిగి లేచిన ప్రభువు తిబెరియ సముద్రతీరమున, మఱల బొగ్గుల నిప్పుయొద్దనే, తోడి శిష్యులు భోజనము చేసిన చోటనే, అతనిని ముమ్మారు ప్రశ్నించెను. గండి పడిన చోటనే కట్ట వేయవలెను గదా! మేమో, తరగతిలో గండి కొట్టి పడకగదిలో కట్ట వేయుచుంటిమి.

మఱునాడు అదే తరగతిలో, అందఱి యెదుట, ఆ బాలుని క్షమాపణ వేడితిమి. కాళ్లు వణకినవి. ఏకాంతమున ఏడ్చుటకంటె ఇది మిక్కిలి కష్టము. ఆ కష్టమే మాకు మందైనది. ఆ బాలికకును అట్లే ఆమె తరగతిలో చెప్పుకొంటిమి. పిమ్మట మా తప్పుల నన్నిటిని వరుసగా పెట్టి చూడగా, నిలువబడి తరగతియంతయు వినుచుండగా ప్రశ్నించునప్పుడే మేము జాఱుచున్నామని తెలిసెను. కావున లోపము కనబడినయెడల బాలుని మా బల్లయొద్దకు పిలిచి మెల్లగా అడుగుట నియమముగా పెట్టుకొంటిమి. అక్కడ నవ్వువారు లేరు గనుక ఎరయు లేదు.

శోధన తొలగిపోయెనని చెప్పజాలము. నేటికిని ఒక్కొక్కనాడు ఎత్తిపొడుపు మాట పెదవులవఱకు వచ్చును. నీరు పాతదారిని మఱవదు. కావున మీరును, మీ తప్పు ఏ చోట, ఏ వేళ, ఎవరి యెదుట పడుచున్నదో వానలకు ముందే చూచుకొనుడు. ఎవరి యెదుట పడెనో వారియెదుటనే దిద్దుకొనుడు.

మొదటి బాలుడు అప్పటికే చదువు ముగించి వెళ్లిపోయెను. ఆ గండి నేటికిని పూడలేదు. ఈ పత్రిక పూర్వవిద్యార్థుల కనేకులకు చేరుచుండును. అతని చేతికిని చేరినయెడల, నాడు నవ్విన మిత్రుల యెదుట దీనిని చదివి, మా క్షమాపణగా గైకొనవలెనని వేడుకొనుచున్నాము.