మోతీకి రోజా లేదు

రంజాన్ పండగ మర్నాడు. ఫజర్ కని లేచి వజూ చేసుకోవడానికి పెరట్లోకి పోతుంటే కాలికింద చల్లగా తగిలింది. లైటేసి చూస్తే పసుపుపచ్చ నురగ. రెండడుగుల అవతల ఇంకోటి. వాషింగ్ మెషీన్ వెనక మోతీ ముడుచుకుని కూర్చునుంది. పిలిస్తే చెవి కూడా కదపలేదు.

పండగనాడు దాన్ని మెహమాన్ లాగా చూసుకున్నాం మరి. అబ్బాజాన్ తన కటోరాలోంచి షీర్ ఖుర్మా పాలు పోశారు. అమ్మీ మటన్ సాలన్ బోటీలు మసాలాతోనే పెట్టింది. బేజుబాన్ జానవర్‌కి పెడితే సవాబ్ అని మా ఇంటిల్లిపాదికీ యఖీన్.

మధ్యాహ్నానికల్లా నాలుగైదుసార్లు నీళ్ల విరేచనాలు. అమ్మీ దువా చదివి ఊదింది. "ఒకరోజు ఫాకా ఉంచితే అదే సర్దుకుంటుంది బేటా" అంది. చెవులు వేడిగా తగిలేసరికి నేను పారాసిటమాల్ బిళ్లని సగానికి విరిచాను. చిన్న జాన్ కదా, సగం చాలనుకున్నా. నోరు తెరవబోతే మోతీ కసుక్కున వేలు కొరికింది. బిళ్ల కిందపడి మోరీలోకి పోయింది.

ఆ పళ్లకు అల్లా బరకత్ ఇవ్వాలి. పశువుల దవాఖానాలో ఈ సంగతి చెప్పగానే డాక్టర్ సాబ్ చెయ్యి ఆగిపోయింది. పిల్లి లివర్ ఆ మందును అరాయించుకోలేదట. రక్తం ఆక్సిజన్ మోయలేకుండా అయిపోతుంది, చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి. సగం బిళ్లే మౌత్. నా వేలి కట్టు చూసుకుని షుక్ర్ అనుకున్నాను.

ఆయన మోతీ మెడ మీది తోలు పైకి లాగి వదిలారు. వెంటనే కిందికి జారలేదు, మెల్లగా దిగింది. ఒంట్లో నీళ్లు తగ్గాయని నిషానీ. తోలుకింద సెలైన్ ఎక్కించారు. పాలు వద్దన్నారు. పిల్లకూనగా ఉన్నప్పుడు పాలలోని చక్కెర అరుగుతుంది గానీ, పెద్దయ్యాక చాలా పిల్లులకు అరగదు, పేగుల్లోకి నీళ్లు లాగుతుంది. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి సామెతను ఇన్నేళ్లు హకీం మాటలా నమ్మాం! సాలన్‌లో ఉల్లి, వెల్లుల్లి ఇంకా ఖతర్నాక్. వండినా సరే, ఎర్ర రక్తకణాలను పాడుచేస్తాయి.

"ఫాకా?" అని అడిగాను అమ్మీ తరఫున.

"పిల్లికి రోజా లేదు భాయ్" అని నవ్వారు. రెండు మూడు రోజులు తినకపోతే లివర్‌కి కొవ్వు పడుతుందట, బొద్దు పిల్లులకైతే మరీ. ఉప్పు, కారం, ఎముక లేకుండా ఉడికించిన కోడిమాంసం చెంచాడు చెంచాడుగా రోజుకు నాలుగైదుసార్లు పెట్టమన్నారు. పక్కన ఎప్పుడూ నీళ్లుండాలి. నెత్తురు పడినా, తాగిన నీళ్లు కూడా కక్కేస్తున్నా, రోజంతా ముద్ద ముట్టకపోయినా ఆలోచించకుండా తీసుకురమ్మన్నారు. కూనలకైతే అంత ముహలత్ కూడా లేదట.

మూడోరోజు ఫజర్‌కి మోతీ వచ్చి జానమాజ్ మీద సజ్దా చేసేచోటే పడుకుంది. పక్కకి జరిపి నమాజ్ ముగించాను.

బక్రీద్ నాడు గోష్త్ మూడు హిస్సాలు చేశాక, పోపులో ఉల్లిపాయలు పడకముందే అమ్మీ నాలుగు బోటీలు వేరే గిన్నెలో ఉత్తి నీళ్లలో ఉడకేసింది. మోతీ వాసన చూసి, అమ్మీ మొహం చూసి, అబ్బాజాన్ పళ్లెం దగ్గరికి పోయి కూర్చుంది.

"కొంచెం మలాయి..." అన్నారు అబ్బాజాన్.

అమ్మీ గరిటె చూపించింది.