ఎత్తుకుపోతే సంబరపడే మొగుడు

చావు గురించి నవ్వుకోవడం అశుభమంటారు మా అత్తగారు. కానీ మన తెలుగువాళ్ళు యముణ్ణి సైతం వదల్లేదు కదా! ‘యమగోల’ (1977)లోనూ, ‘యమలీల’ (1994)లోనూ కైకాల సత్యనారాయణ గారి యముణ్ణి చూసి పిల్లాజెల్లాతో సహా ఎంత నవ్వుకున్నాం! భయపెట్టేదాన్ని చూసి నవ్వితే ఆ కాసేపైనా దాని బలం తగ్గుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది మాత్రం ‘మనీ’. 1993లో వచ్చింది. నిర్మాత రాంగోపాల్ వర్మ, దర్శకుడు శివనాగేశ్వరరావు. ‘రూత్‌లెస్ పీపుల్’ (1986) అనే అమెరికా సినిమా దానికి ఆధారం. ఉద్యోగాల్లేని ఇద్దరు కుర్రాళ్ళు, జె.డి. చక్రవర్తి, చిన్నా, డబ్బు కోసం ఒక ఇల్లాలిని ఎత్తుకుపోతారు. ఆవిడ జయసుధ. డబ్బివ్వకపోతే చంపేస్తామని మొగుణ్ణి బెదిరిస్తారు. ఆ మొగుడికి, అంటే పరేష్ రావల్‌కి, కావలసిందీ అదే! పెళ్ళాం ఎప్పుడు పోతుందా అని చూస్తున్నవాడికి ఇంతకన్నా శుభవార్త ఏముంటుంది?

కథగా చెప్పుకుంటే ఎంత ఘోరమో చూడండి. ఆ రోజుల్లో పేపరు తిరగేస్తే స్టవ్ పేలి కోడళ్ళు పోయిన వార్తలే. వరకట్న చావుల కోసం 1986లో చట్టంలో ప్రత్యేకంగా 304-బి సెక్షన్ చేర్చాల్సి వచ్చింది. ఆడవాళ్ళ కష్టాల మీద ఏడిపించే సినిమాలు బోలెడు. ‘మనీ’ మాత్రం ఆ మొగుడి లెక్కల్నే నవ్వులపాలు చేసింది.

టీవీలో అది వచ్చినప్పుడల్లా మా ఇంట్లో అందరికన్నా గట్టిగా నవ్వేది మా పిన్ని. పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద అంగలకుదురులో ఇచ్చిన ఎకరం మాగాణి అమ్మమని బాబాయి ఆమెను పదేళ్ళు పీక్కుతిన్నాడు. అన్నం దగ్గర మాట్లాడేవాడు కాదు, జ్వరమొస్తే ఎలా ఉందని అడిగేవాడు కాదు. ఇదంతా తెలిసిన మేము ఆమె ముందు ఆ సినిమా పెట్టడానికి జంకేవాళ్ళం. ఒకసారి అడిగేశాను, “నీకు బాధనిపించదా పిన్నీ?” అని.

“ఏడుపు సినిమా అయితే మీరంతా టీవీ వదిలేసి నా మొహం చూస్తారే. ఇందులో అందరూ వాణ్ణి చూసి నవ్వుతారు. నాకదే హాయి” అంది.

నిజమే. మొగుడి సంగతి తెలిశాక జయసుధ కూడా ఏడుస్తూ కూర్చోదు, ఎత్తుకొచ్చినవాళ్ళతోనే చేతులు కలుపుతుంది. జాలి మనల్ని చిన్నబుచ్చుతుంది. నవ్వు అవతలివాణ్ణి చిన్నబుచ్చుతుంది.

పిన్ని సంతకం పెట్టలేదు. ఆ ఎకరం ఇప్పటికీ ఆమె పేరు మీదే ఉంది. ఏటా కౌలు డబ్బులు చేతికి రాగానే ముందు తనకో చీర కొనుక్కుంటుంది.