చెరిగిన పేర్లు

మా పక్కింటి పెద్దాయన పోయిన పదిరోజులకు, 2019 నవంబరు మొదటివారంలో, ఆయన భార్య మా రెండు పెరళ్ళ మధ్యనున్న రాతిగోడ దగ్గరకు వచ్చి నన్ను పిలిచారు. ఇంగ్లండులో లాంకషైర్ కొండల పాదాన ఉన్న ఈ చిన్న ఊళ్ళో ముసలమ్మలు తెలిసినవాళ్ళనూ తెలియనివాళ్ళనూ కూడా ‘లవ్’ అనే పిలుస్తారు. మన ‘నాయనా’కు అది సరిగ్గా సరిపోతుంది.

“నాయనా, ఆయన కుండీలు కాస్త చూసిపెడతావా? వాటిలో ఒకటి నాకు కావాలి. అది ఏదో మాత్రం నాకు తెలియదు.”

గాజుమూత వేసిన చెక్కపెట్టెలో ఇరవైమూడు మట్టికుండీలు. అన్నీ ప్రిమ్యులాలే, ఆల్ప్స్ కొండల జాతివి. ఒక్కొక్క కుండీలో ఒక్కొక్క తెల్లని పేరుచీటీ గుచ్చి ఉంది, కాని చీటీల మీద అక్షరం లేదు. ఆయన సిరాకలంతో రాసేవారు. రెండు వేసవుల ఎండకు సిరా వెలిసిపోయింది. (మొక్కలు పెంచే మిత్రులకొక మాట: పెన్సిలుతో రాయండి. పెన్సిలు గీత ఎండకూ వానకూ చెరగదు. ఇంత చిన్న సంగతి ఆయనవంటి అనుభవజ్ఞునికి తెలియకపోలేదు. చేతికందిన కలంతో రాసి ఉంటారు, మనమందరం చేసే పనే.)

ఆవిడకు కావలసింది 1986లో ఇద్దరూ కలిసి చూసిన పువ్వు. ఫ్రాన్సు, ఇటలీల సరిహద్దులో టెండ్ కనుమ దగ్గర, సున్నపురాతి చరియ పగులులో, తల ఎత్తి చూడవలసినంత ఎత్తున ఉందట. లేత ఊదారంగు పువ్వు, ఆకు అంచున తెల్లని గీత. తరువాత కొన్నేళ్ళకు ఆయన ఒక నర్సరీ నుంచి అదే మొక్కను తెప్పించి, “ఇదుగో, మన కొండది” అని చూపించారట. ఏటా ఏప్రిల్‌లో ఆ కుండీ వంటింటి కిటికీ దగ్గరకు వచ్చేది. పూలు రాలాక మళ్ళీ పెట్టెలోకి వెళ్ళి ఇరవైమూడింటిలో ఒకటైపోయేది.

వర్ణన విన్నంతనే అది ప్రిమ్యులా మార్జినాటా అని నాకు అర్థమైంది. నైరుతి ఆల్ప్స్‌లో తప్ప మరెక్కడా సహజంగా పెరగని జాతి. పేరులోనే అంచు ఉంది. అర్థమైనందుకు కొంత గర్వం కూడా కలిగింది. ఆ గర్వమే తరువాత నా కొంప ముంచింది.

మా పెదనాన్నగారికి నూజివీడు దగ్గర మామిడితోట ఉండేది. కాపులేని రోజుల్లో ఆకు నలిపి వాసన చూసి, ఇది బంగినపల్లి, ఇది రసం అని చెప్పేవారు. పువ్వు లేకుండా మొక్కను పోల్చుకోవడమే అసలైన విద్య అని చిన్నప్పుడే నా మనసులో నాటుకుపోయింది. నవంబరులో ప్రిమ్యులాల ముందు కూర్చున్నప్పుడు నేను పెదనాన్నగారినే అనుకున్నాను.

కొంతవరకు అది సాధ్యమే. మొదట చూడవలసింది విప్పారని లేత ఆకు. ఆరిక్యులా వర్గానికి చెందిన జాతులలో లేత ఆకు అంచులు లోపలివైపుకు, అంటే పైముఖం మీదికి చుట్టుకొని ఉంటాయి. తక్కిన ప్రిమ్యులాలలో చాలావాటికి అంచులు వెనక్కి చుట్టుకుంటాయి. ఒక్క లేతాకును చూసి కుటుంబాన్ని రెండుగా చీల్చవచ్చు. ఆ తరువాత భూతద్దం కావాలి. ఆకుమీది నూగు పొడుగెంత? నూగు చివరి గ్రంథి ఎరుపా, గోధుమా, రంగులేనిదా? హిర్సూటా ఆకు ముట్టుకుంటే వేలికి జిగురు అంటుతుంది, దాని మీద పిండి ఉండదు. మినిమా ఆకు బొటనవేలి గోరంత. చివర తెగ్గోసినట్టుండి, ఆ కోతమీద మాత్రమే పళ్ళుంటాయి. ఆరిక్యులా ఆకు దళసరి. ఎలుగుబంటి చెవిలా ఉంటుందని పాతకాలం వృక్షశాస్త్రజ్ఞులు దానికా పేరే పెట్టారు.

ఇక పిండి. ఆకుమీదా, అంచునా, పువ్వు గొంతులోనూ పిండిబొమ్మ మీద చల్లినట్టుండే తెల్లని పొడి. అది ధూళి కాదు, బూజు కాదు. సూక్ష్మమైన గ్రంథులు స్రవించే ఫ్లేవోన్ జాతి పదార్థం. వేలు తగిలితే చెరిగిపోతుంది, వాన పడితే కొట్టుకుపోతుంది. అందుకే ఈ మొక్కలకు పైనుంచి నీళ్ళు పొయ్యరు. వీటికి చలి ఒక లెక్కకాదు. ఆల్ప్స్‌లో నెలల తరబడి మంచుకింద పొడిగా నిద్రపోయేవాటిని ఇక్కడి చలికాలపు తడి చంపుతుంది. గాజుమూత వెచ్చదనానికి కాదు, గొడుగు కోసం.

సంకరాల సంగతి లేకపోతే ఈ గుర్తులన్నీ చక్కగా పనిచేసేవి. ఈ వర్గంలోని జాతులు కొండమీదే ఒకదానితో ఒకటి కలుస్తాయి. పసుపుపచ్చని ఆరిక్యులా సున్నపురాతి మీద, గులాబీరంగు హిర్సూటా ఆమ్లశిలల మీద ఉంటాయి. ఆ రెండు రాళ్ళూ కలిసేచోట పూలూ కలుస్తాయి. ఆ సంకరమే పదహారవ శతాబ్దంలో వియన్నాలో క్లూసియస్ చేతికి వచ్చింది. దాని సంతతే తరువాత ఇంగ్లండు తోటల్లోకి చేరి, ఇదే లాంకషైర్‌లో మగ్గం నేసేవాళ్ళ పెరళ్ళలో ప్రదర్శన పుష్పమైంది. పందెంలో గెలిచినవాడికి రాగి కెటిల్ బహుమానం. పువ్వు గొంతులో కేసరాలు కనబడాలి, కీలాగ్రం కనబడితే ఆ మొక్క పందేనికి పనికిరాదు. ఆ రెండు రకాల పూలు ఎందుకున్నాయో డార్విన్ 1862లో వివరించాడు: ఒక రకం పుప్పొడి రెండవ రకానికి చేరితేనే గింజ నిండుగా కడుతుంది. నేతగాళ్ళు అందం కోసం ఒక రూపాన్నే ఎంచుకున్నారు. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు వాళ్ళమీద ముచ్చట, కొంచెం కోపం కూడా.

మాట దారి తప్పింది. ఇరవైమూడు కుండీలలో ఒకదాని ఆకు అంచు చక్కగా రంపపు పళ్ళలా ఉండి, ప్రతి పంటి మీదా తెల్లని పిండి మెరుస్తోంది. మరి ఆలోచించలేదు. కొత్త చీటీ మీద ‘మార్జినాటా’ అని రాసి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని వాకిట్లోని రాతితొట్టిలో నాటించుకున్నారు. ఆయన అస్థికల బూడిద పిడికెడు ఆ మట్టిలో కలిపారని తరువాత తెలిసింది.

మిగిలినవాటిలో అక్కరలేనివని ఏడు కుండీలు నాకిచ్చారు. ఒకదాని వేళ్ళను వైన్ వీవిల్ అనే పురుగు పిల్లలు తినేశాయి. జనవరిలో పట్టుకుంటే మొక్క మొత్తం చేతిలోకి వచ్చింది. ఇంకొకటి మరీ దీనంగా ఉండేది. వంకర తిరిగిన కర్రలాంటి కాండం, దాని కొసన ఆకులన్నీ రాలిపోయి మినపగింజంత మొగ్గ. జబ్బుపడిన ఆరిక్యులా అనుకొని షెడ్డు వెనుక వానలో వదిలేశాను.

2020 మార్చి చివర దేశమంతా ఇళ్ళలో కూర్చుంది. ఏప్రిల్ మధ్యలో ఆవిడ తొట్టిలోని మొక్క పూసింది. గోడ ఇవతల నుంచే చూశాను. ముదురు ఊదారంగు, మధ్యలో గుండ్రని తెల్లని కన్ను. గుండె జారింది. మార్జినాటా పువ్వు లేత ఊదా, అంత గీత గీసినట్టున్న కన్ను దానికి ఉండదు. అది మార్జినాటా రక్తం పంచుకున్న ఏదో తోట సంకరం. ఆకు తల్లిది, కన్ను మరొకరిది.

వెంటనే షెడ్డు వెనక్కి వెళ్ళాను. మినపగింజంత మొగ్గ విచ్చుకొని, కొత్త ఆకుల అంచున వెండిగీత గీసుకొని ఉంది. వయసుమళ్ళిన మార్జినాటా కాండం కర్రలా సాగుతుందనీ, చలికాలంలో ఆకులు రాల్చి మొగ్గగా ముడుచుకుంటుందనీ నేను పుస్తకంలో చదివినవాణ్ణే. వారం తరువాత పూసింది. లేత ఊదా.

చెప్పాలా? మూడురోజులు ఆలోచించాను. ఆవిడ రోజూ కుర్చీ వేసుకొని ఆ తొట్టి పక్కన టీ తాగేవారు. బూడిద కలిసిన మట్టి అది. అందులో ఉన్నది వేరే మొక్క అని ఏ నోటితో చెప్పను? చెప్పకపోతే ఎవరికీ తెలియదు. అదే నన్ను నిలవనీయలేదు. నాలుగవరోజు కుండీని గోడమీద పెట్టి, ఆరడుగులు వెనక్కి జరిగి, “నేను పొరబడ్డానండీ. మీ కొండది ఇది,” అన్నాను.

ఆవిడ లేచి వచ్చి చాలాసేపు చూశారు. ముట్టుకోలేదు. పిండి చెరుగుతుందని ఆయన నేర్పి ఉంటారు.

“తొట్టిలోది పూసిన రోజే తెలిసింది నాయనా,” అన్నారు. “కొండమీద దానికి కన్ను లేదు. నువ్వు అంత సంతోషంగా తెచ్చిచ్చావు, ఏం చెప్పను?”

తొట్టిలో మొక్కను తీసేయమంటారా అని అడిగాను. వద్దన్నారు, అదీ ఆయన పెంచిందే కదా అన్నారు. జూన్‌లో పూలన్నీ అయిపోయాక తొట్టిలోనే కొంచెం ఎడంగా, సున్నపురాతి ముక్కలు పేర్చి రెండవదాన్ని నాటాను. పేరుచీటీలు ఆవిడే రాస్తానన్నారు, పెన్సిలుతో. మార్జినాటా అక్షరాలు నన్ను ఒక్కొక్కటే అడిగి రాసుకున్నారు. పాతదానికి ఏం రాయాలో నాకు తోచలేదు, దాని తల్లిదండ్రులెవరో రూఢిగా చెప్పలేను కనుక. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి రాసి గుచ్చారు. వంగి చూశాను.

‘అది కాదు’ అని ఉంది.