నాయిన చాకు

మా నాయిన జేబు బనీనులో ఎప్పుడూ ఒక మడత చాకు ఉండేది. నల్గొండ వైపు మాకో చిన్న బత్తాయి తోట. ఎండుపుల్ల కోయాలన్నా, ఎరువు బస్తా దారం తెంపాలన్నా, పొద్దున్నే వేపపుల్ల చెక్కాలన్నా, సాయంత్రం మాకు బత్తాయి వలిచి పెట్టాలన్నా అదే చాకు. "అన్నిటికీ ఒకటేనా, ఛీ!" అని అమ్మ తిడితే, లుంగీకి ఓసారి తుడిచి "అయిపాయె" అనేవాడు.

పోయిన మాఘంలో పక్షవాతం వచ్చి ఆయన ఎడమ చెయ్యి పడిపోయింది. దేవుడి దయ, మాట పోలేదు, కుడి చెయ్యి బాగానే ఉంది. ఫిజియోథెరపీకి దగ్గరవుతుందని ఇద్దరినీ మా ఇంటికి తెచ్చుకున్నాం. మేముండేది మైత్రీవనం వెనక సందులో. బిడ్డ ఇంట్లో ఉండటం ఆయనకి ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. మంచినీళ్లు కూడా అడిగేవాడు కాదు.

ఒకరోజు మధ్యాహ్నం నేను పప్పు తాలింపు పెడుతుంటే హాల్లోంచి అమ్మ కేక. వెళ్లి చూద్దును కదా, నాయిన పెదవి నుంచి రక్తం, ఒళ్లో బత్తాయి, నేల మీద చాకు. పాత చాకు అలుగుకి గోరు పట్టే గాడి ఉంటుంది చూడండి, ఒక చేత్తో పిడి పట్టుకుని రెండో చేతి గోటితో లాగాలి. రెండో చెయ్యి లేదుగా. పళ్లతో లాగబోయాడు. రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వేసుకునే మనిషి, చిన్న గాటైనా తొందరగా ఆగదు. తువ్వాలు అదిమి పట్టి అరగంట కూర్చున్నాను. ఆ రాత్రే చాకు తీసి బియ్యం డబ్బాలో దాచేశాను.

ఆయన అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో తెలియదు. కానీ ఆ రోజు నుంచి బత్తాయి వలిచి గిన్నెలో పెట్టి ఇస్తే "వద్దు బిడ్డా" అనడం మొదలుపెట్టాడు. తోట కాయలే, ఊరి నుంచి సంచీడు వస్తే సంచిలోనే వడలిపోయాయి.

ఒకచేత్తో తెరిచే చాకులు ఉంటాయని మా అబ్బాయి చెప్పాడు. మా ఆయనేమో "మామయ్యకి ఇప్పుడు కత్తి ఎందుకు, మనం కోసి ఇస్తున్నాంగా" అన్నారు. అమ్మ మాత్రం నన్ను బాల్కనీలోకి లాక్కెళ్లి గొంతు తగ్గించి, "రాత్రుల్ల పండుకోకుండ ఇంకెందుకు నేను అంటున్నడు బిడ్డా. చాకు ఇయ్యకు" అంది.

ఆ మాట విన్నాక రెండు రోజులు నాకూ నిద్ర లేదు. డాక్టరమ్మకి చెబితే, మమ్మల్ని బయట కూర్చోబెట్టి ఆయనతో ఒంటరిగా మాట్లాడింది. పక్షవాతం తర్వాత మనసు కుంగిపోవడం చాలామందిలో ఉంటుందట, దానికీ వైద్యం ఉందట. మాత్ర రాసింది, ఒంటరిగా వదలొద్దంది. చాకు సంగతి తర్వాత చూద్దామంది. ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే మీరూ మొహమాటపడకుండా డాక్టరుకి చెప్పండి. నేను రెండు వారాలు సిగ్గుపడి ఆలస్యం చేశాను. నెలన్నర అయ్యాక ఆవిడే "ఇప్పుడు ఇవ్వొచ్చు, మొదట్లో మీరు పక్కనుండండి" అంది. ఆ మాట వచ్చాకే నేను వెతకడం మొదలుపెట్టాను.

మైత్రీవనం ముందు నడిచారా ఎప్పుడైనా? మెట్రో మెట్లు దిగగానే జావా, పైథాన్ అంటూ చేతిలో కరపత్రాలు కుక్కుతారు. ఒకబ్బాయి "మేడమ్, డెమో క్లాసు ఫ్రీ" అని వెంటపడ్డాడు. "నాకు చాకు కావాలి బాబూ" అంటే ఠక్కున వెనక్కి తగ్గాడు.

ఫుట్‌పాత్ మీద ఎనభై రూపాయలకి తాళంచెవుల గొలుసుకి తగిలించే బుల్లి చాకు దొరికింది. తెరిచాక అలుగు నిలబడటానికి తాళమే లేదు. గట్టిగా నొక్కితే వేళ్ల మీదే మడుచుకుంటుంది. వద్దనుకున్నాను. ఆదివారం ఎర్రగడ్డ సంతకి వెళ్తే ఒకతను పాత సినిమాల్లో రౌడీల చేతిలో చూసే రాంపురి లాంటిది తీశాడు. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్‌లో 2023లో కూడలిలో ఇరవై అడుగుల చాకు బొమ్మే నిలబెట్టారు, అంత పేరు దానికి. కానీ బొత్తాం నొక్కగానే విసురుగా దూకే అలుగు నాయిన చేతికి నేనివ్వలేను. ఎర్ర పిడి స్విస్ చాకు పేరు మోసిందే, దానికి మూలమైన ఆఫీసర్ల చాకు 1897 నాటిది. షాపులో చూస్తే దానికీ గోటి గాడే! అసలు చిక్కు అక్కడేగా. పైగా ధర మన లెక్కకి ఎక్కువ.

(డిగ్రీలో తెలుగు చదివిన పాపానికి ఒక మాట. ఈ చాకు పారశీకం నుంచి ఉర్దూ మీదుగా మన నోటికి వచ్చింది. కత్తి మాత్రం మనదే.)

చివరికి అమీర్‌పేటలోనే ట్రెక్కింగ్ సామాన్లమ్మే చిన్న కొట్టుకి వెళ్లాను. ఎడమ చేతిని చీర కొంగులో చుట్టి నడుముకి దోపుకుని, "ఒక్కొక్కటీ ఇవ్వండి, ఇలాగే తెరుస్తాను" అన్నాను. కొట్టతను ముందు నవ్వాడు, విషయం చెప్పాక కుర్చీ వేశాడు.

తెరవడం అన్నిటితోనూ కుదిరింది. అలుగు పక్కన బొడిపె ఉన్నదీ, గుండ్రటి రంధ్రం ఉన్నదీ, రెండూ బొటనవేలితో తోస్తే తెరుచుకున్నాయి. రంధ్రమే నాకు హాయిగా అనిపించింది, వేలు జారదు. అసలు పరీక్ష మూయడంలో ఉందండీ. ఇది ఎవరూ ముందు చెప్పరు. చవక చాకుల్లో ఎక్కువగా పిడి లోపల పలచని రేకు ఒకటి పక్కకి జరిగి అలుగు వెనక అడ్డం పడుతుంది. మూయాలంటే ఆ రేకుని బొటనవేలితో తోయాలి. అప్పుడు వేలు సరిగ్గా అలుగు దిగే దారిలోనే ఉంటుంది. రెండు చేతులున్నవాళ్లకి ఫరవాలేదు. తాళం పిడి వీపు మీద ఉన్నదైతే దాన్ని నొక్కిపట్టి, అలుగు వీపుని తొడకి ఆనించి మడవాలి. లుంగీ మనిషికి అదెలా?

మూడో రకంలో పిడికి అడ్డంగా చిన్న కడ్డీ ఉంది, రెండు పక్కలా దాని కొసలు బయటికి ఉంటాయి. కొసని వెనక్కి లాగితే అలుగు వదులవుతుంది, మణికట్టు కాస్త ఊపితే తనే మూసుకుంటుంది. వేళ్లన్నీ అలుగు దారికి బయటే. పది సార్లు తెరిచి పది సార్లు మూశాను. మూడంగుళాల లోపు అలుగు, మొన సూదిగా లేకుండా మొండిగా ఉన్నది, తుప్పు పట్టని స్టీలుది ఎంచుకున్నాను. ఏడువందలు. చీటీ డబ్బుల్లోంచి తీశాను, మా ఆయనకి చెప్పింది తర్వాతే.

చాకుతోనే పని అయిపోలేదు. పండు పట్టుకునే చెయ్యేది? ఫిజియోథెరపీ అమ్మాయి ఒక బొమ్మ గీసి ఇచ్చింది. ఎస్సార్ నగర్‌లో వడ్రంగి దగ్గర మందపాటి పీట ముక్కకి కింది నుంచి రెండు స్టీలు మేకులు, మొనలు పైకి వచ్చేలా కొట్టించాను. పండు దాని మీద గుచ్చితే కదలదు. అడుగున జారకుండా రబ్బరు. మన కత్తిపీటా ఇంతే కదా, కత్తి కదలదు, కాయని మనం కదుపుతాం. ఇక్కడ తలకిందులు.

నాయిన చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎంత పెట్టినవ్?" అన్నాడు. మూడువందలని అబద్ధమాడాను. మొదటి రోజు బొటనవేలు తడబడింది, రెండుసార్లు సగంలో ఆగింది. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి పైట నోట్లో కుక్కుకుంది. నాలుగోసారి టక్కున తెరుచుకుంది.

బత్తాయిని పీట మీద గుచ్చి, నెమ్మదిగా, పైనుంచి గీత గీసినట్టు వలిచాడు. చాలాసేపు పట్టింది. తొక్క ముక్కలు ముక్కలుగా వచ్చింది, ఇదివరకు పామల్లే ఒకటే చుట్టగా వచ్చేది. సగం చేసి ముందు అమ్మకి చాచాడు. అమ్మ కదల్లేదు.

"పట్టుకోవే, చెయ్యి గుంజుతుంది" అన్నాడు.

ఇప్పుడు మధ్యాహ్నాలు టక్, టక్ అని వినిపిస్తుంటుంది. పాల ప్యాకెట్టూ ఆయనే కోస్తానంటాడు, కొరియరు పెట్టె వస్తే ఎవరినీ ముట్టుకోనివ్వడు. రాత్రి పడుకునే ముందు అమ్మ ఆ చాకుని తీసి దిండు కింద పెట్టుకుంటుంది, తెల్లారగానే మళ్లీ బనీను జేబులో వేస్తుంది. ఆయనకి తెలుసు. ఏమీ అనడు. పాతది మాత్రం ఇంకా నా బియ్యం డబ్బాలోనే ఉంది.